మూడో ప్రకటన

"ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

మూడో ఆదివారం కూడా ఆ మాట చదివి పాస్టరు గారు కాగితం మడవబోయారు.

"నాకుంది," అంటూ ఆడవాళ్ళ వైపు నుంచి రత్నాలు లేచింది.

చాపల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. అందరికన్నా ఆలస్యంగా తిప్పింది ఆమె కోడలు కృపావతి. ప్రకటన కృపావతి పెళ్ళిదే. ఆమె భర్త, రత్నాలు కొడుకు కామేష్ పోయి రెండేళ్ళు దాటింది; ఇంట్లో ఇప్పుడు అత్తాకోడళ్ళిద్దరే. పెదబయలు వైపు సంఘంలో ఉండే ఫల్గుణ కృపావతిని చేసుకుంటానని వచ్చాడు. ఇక్కడి సంఘం అభ్యంతరం లేదని ఉత్తరం ఇస్తేనే అక్కడ పెళ్ళి జరుగుతుంది. తగువులో ఉన్నవాళ్ళకు ఉత్తరం ఇవ్వరు. ఆ ఉత్తరం కోసమే ఫల్గుణా, అతని మేనమామ యర్రయ్యా పొద్దున్నే బండి మీద వచ్చి వెనక కూర్చున్నారు.

"ఏటి నీ అభ్యంతరం?" అన్నాడు సంఘపెద్ద సోంబరు.

"నా వెండి కంటె పోయింది. ఇదే తీసింది."

ఆరాధన అయ్యాక పిల్లల్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశారు. ఆ సంఘంలో ఏ తగువూ పోలీసు స్టేషన్‌కు పోదు. ఇద్దరినీ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చోబెడతారు. తేలేదాకా ఇద్దరికీ ప్రభు బల్ల, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఉండవు.

"ఎప్పుడు పోయింది?" సోంబరు అడిగాడు.

"కామేష్ పోయిన్నాడు. ఇంటినిండా జనం. ఆనాటి నుంచి నా మెడలో నేదు."

"మరి రెండేళ్ళూ ఏటి సేసావు? పడుకున్నావా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. రత్నాలు నవ్వలేదు.

"ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోద్దిలే అనుకున్నాను. ఇప్పుడు పోతంది."

వెనక నుంచి యర్రయ్య అందుకున్నాడు. "ఈ మాటేదో మొదటి ఆదివారమే సెప్పొచ్చు కదమ్మా! లడ్డూలకి కూడా సెప్పేసినాం."

పాస్టరు గారు కృపావతి వైపు తిరిగారు. "తియ్యలేదని ఒక్క మాట చెప్పమ్మా. నీ మాట నేను నమ్ముతాను. ఇప్పుడే సంతకం పెట్టి ఇచ్చేస్తాను."

ఉత్తరం ఆయన బైబిల్లోంచి సగం బయటికి కనిపిస్తోంది. కృపావతి దాన్ని చూసింది. ఫల్గుణను చూసింది. ఆమె బదులు తనే చెబుతున్నట్టు అతను లేదు లేదని తల ఊపుతున్నాడు. చివరికి అత్తను చూసింది. రత్నాలు తల వంచుకుని చాప అంచు పీకుతోంది. పొద్దున్న ఆమె గంజి కూడా ముట్టలేదు.

"తీసాను," అంది కృపావతి.

"ఏటే?" అంది రత్నాలు, తలెత్తి.

"నేనే తీసాను. ఇప్పుడు నా దగ్గర నేదు. తిరిగి ఇవ్వలేను."

"అబద్ధం!" అంటూ ఫల్గుణ లేవబోతే యర్రయ్య చొక్కా పట్టి లాగాడు.

పెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏడాదిపాటు కృపావతికి బల్ల లేదు, ఉత్తరం లేదు. పాస్టరు గారు కాగితాన్ని నాలుగు మడతలు చేసి జేబులో పెట్టుకున్నారు.

"సేతులు కలపండి. రత్నాలూ, క్షమించానని సెప్పు," అన్నాడు సోంబరు.

రత్నాలు చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. కృపావతే చెయ్యి చాపి అత్త చెయ్యి పట్టుకుంది.

"క్షమించాను," అంది రత్నాలు, ఎవరికీ వినపడనంత చిన్నగా.

బయట ఫల్గుణ బండి ఎక్కకుండా నిలబడ్డాడు. "ఏడాదైనా ఆగుతాను, కృపా."

"నువ్వాగితే సరా? దొంగదాన్ని తెచ్చి మా సెల్లి ఇంట్లో పెడతావా? ఎక్కు!" అని యర్రయ్య కసిరాడు.

బండి కాఫీ తోటల మధ్య మలుపు తిరిగింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా కృపావతి కదల్లేదు. తర్వాత పైట సర్దుకుని ఇంటివైపు గట్టు ఎక్కింది. రత్నాలు పది అడుగులు వెనక నడిచింది.

ఇంటికొచ్చి కృపావతి పొయ్యి వెలిగించింది. గంజి వేడిచేసి అత్త ముందు పెట్టింది.

"తాగు. పొద్దున్నుంచి ఏటీ నేదు."

రత్నాలు గిన్నె ముట్టుకోలేదు. "ఆ గుంటడంటే నీకిష్టమే కదే?"

"ఇష్టమే."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"నేను తియ్యనేదంటే, కంటె ఏటయిందని నిన్నడుగుతారు."

"అడిగితే?"

కృపావతి గిన్నెను అత్త చేతికి అందించింది.

"ఆయన శవపెట్టెలో నువ్వు దాన్ని పెట్టినప్పుడు నేను సూసానత్తా."