పై అంతస్తు చప్పుడు

సియోల్‌లో మా పై ఫ్లాటులో ప్యో అనే అతని కాపురం. ధబ్‌మని చప్పుడైతే ఈ వయసులో నాకు పేపరు చదవడం సాగదు. వెంటనే పైకెళ్లి తలుపు బాదేవాణ్ణి.

"ఏమయ్యా, ఎద్దుల్ని కట్టేశావా ఇంట్లో?"

ప్యో నడుం దాకా వంగేవాడు. "క్షమించండి తాతగారూ, బీరువా జరుపుతున్నాం."

"వారానికి నాలుగుసార్లా?"

ఆర్నెల్లు అపార్ట్‌మెంట్ ఆఫీసుకు అర్జీలు పెట్టాను. చివరికి ప్యో ఇల్లంతా మందపాటి రబ్బరు చాపలు పరిచాడు. గెలిచాను.

వారం తిరక్కుండా అతని భార్య వచ్చింది.

"మళ్లీ వచ్చి తిట్టండి తాతగారూ. మీరు తలుపు బాదితేనే ఆయన చెయ్యి ఆగేది. ఇప్పుడు నేను కిందపడ్డా మీకు వినపడదు."

పోలీసుల దగ్గరికి వెళ్దామన్నాను. ఇంకా ధైర్యం చాలడం లేదంది.

అందుకే రోజూ పైకెళ్లి, లేని చప్పుడు మీద అరగంట పోట్లాడుతున్నాను. ముసలాడికి మతి పోయిందని ప్యో అందరికీ చెప్పుకుంటున్నాడు.