వియన్నాలో కాలినడక

"అత్తా, టికెట్లు బుక్ అయిపోయాయి. ఎప్పటిలాగే మీ ఇద్దరికీ వీల్‌చెయిర్ కూడా పెట్టేశాను," అంది మేనకోడలు మృదుల స్పీకర్ ఫోన్లో.

శాంత చేతిలోని పెన్ను ఆగింది. ఆమె ముందు బల్లమీద వియన్నా నగర పటం పరిచి ఉంది. కెనడాలోని మార్కమ్ నుంచి హైదరాబాదు వెళ్లే దారిలో అక్కడ వారికి ఒక పగలంతా దొరికింది. ఉదయం దిగి, రాత్రి మరో విమానం ఎక్కాలి. కెనడా పాస్‌పోర్టులు చేతికి వచ్చాయి కనుక ఊళ్లోకి వెళ్లడానికి వీసా బెడద కూడా లేదు.

"వీల్‌చెయిర్లు తీసెయ్యవే," అంది శాంత.

"అదేంటత్తా? మనవాళ్లంతా పెట్టుకుంటారు. సెక్యూరిటీ లైన్లో నిలబడక్కర్లేదు. మోకాళ్ల నొప్పులంటే చాలు, ఎవరూ ప్రూఫ్ అడగరు."

"అడగరనే కదా ఇన్నేళ్లూ అబద్ధమాడాం. ఇక చాలు."

కిటికీ పక్కన సోఫాలో ఉన్న విశ్వేశ్వరరావు తలెత్తారు. ఆయన తణుకు కళాశాలలో చరిత్ర అధ్యాపకులుగా పదవీ విరమణ చేసినవారు. నెపోలియన్ ఓడిన తర్వాత రాజులు, మంత్రులు వియన్నాలో సమావేశమై యూరప్ సరిహద్దులను తిరగరాసిన పాఠాన్ని ఏటా బోర్డు మీద పటం గీసి మరీ చెప్పేవారు. ఆ నగరాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

"నీకు వద్దంటే నీది తీయించుకో. నాది ఉంచమను," అన్నారు.

"సిగ్గు లేదూ మీకు?"

"ఉద్యోగమంతా నిలబడే చేశాను. ఇప్పుడు కాసేపు కూర్చుంటే నేరమా?"

ఫోన్లో మృదుల కిసుక్కున నవ్వింది. శాంత నవ్వలేదు.

కిందటేడు తిరుగు ప్రయాణంలో, విమానం మారవలసిన చోట చక్రాల కుర్చీలు చాలలేదు. ఉన్నవాటిలో రెండింటిలో వీరిద్దరూ కూర్చున్నారు. వాచిన పాదాలకు పట్టని చెప్పులను చేత్తో పట్టుకుని ఒక పంజాబీ ముసలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. తనదీ అదే విమానమని శాంతకు టికెట్టు చూపించింది. ఇంకో కుర్చీ వచ్చేదాకా ఆమెను ఆగమన్నాడు అక్కడి ఉద్యోగి. విమానం తలుపు దగ్గర శాంత చులాగ్గా లేచి, సంచి భుజాన వేసుకుని, తన సీటు దాకా నడిచింది. తలుపులు మూసేవరకూ ముసలమ్మ రాలేదు. వీరు కూర్చున్నందువల్ల ఆమె నిలబడవలసి వచ్చింది; నిలబడిపోయినందువల్ల విమానం తప్పిపోయింది; విమానం తప్పినందువల్ల ఆ పరాయి ఊళ్లో, ఆ పాదాలతో ఆమె ఏమైందో శాంతకు తెలియదు. ఏడాదిగా శాంత ఆలోచన ఎటు బయలుదేరినా అక్కడికే వచ్చి ఆగుతోంది.

"ఆ పాదాలు మీకు గుర్తుకు రావా?" అని అడిగింది భర్తను.

"వస్తాయి," అన్నారాయన నెమ్మదిగా. "అయినా నాది ఉంచమను."

"చూశావటే మృదులా, మీ మామయ్య మొండితనం! వియన్నాలోనూ ఇదే వరస. ట్రామెక్కి ఊరు చుట్టేద్దాం, తర్వాత కాఫీ హౌసులో కూర్చుందాం అంటున్నారు. ట్రామ్ కిటికీలోంచి చూడ్డానికి అంత దూరం దేనికి? కేథడ్రల్ గోపురం ఎక్కాలి. ప్యాలెస్ తోట వెనక గుట్టెక్కితే ఊరంతా కనిపిస్తుందట, అదీ ఎక్కాలి."

"నాకు బాల్‌హౌస్ కూడలి ఒక్కటి చూపించు చాలు. యూరప్ తలరాతంతా అక్కడే కూర్చుని మార్చారు."

"వాళ్లు కూర్చున్నారని మీరూ కూర్చుంటారా?"

మృదుల మళ్లీ నవ్వింది. "అవును మామయ్యా, మాల్‌లో వాకింగ్ కూడా మానేశారట?"

"అక్కడ రాఘవులు గారి రాజకీయాలు భరించలేకమ్మా. ఒక రౌండ్ నడిస్తే రెండు ప్రభుత్వాలు పడగొడతారు."

శాంత పెన్ను పక్కన పెట్టి ఆయనవైపు తిరిగింది. "పోనీ, ఒంట్లో ఏమైనా బాగాలేదా? ఉంటే ఇప్పుడే చెప్పండి. వియన్నా మానేసి దగ్గర దారిన పోదాం. అప్పుడు మీకు దగ్గు వచ్చిందని రోమ్ ప్రయాణం మానుకోలేదూ?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను," అన్నారాయన తొందరగా.

"మరి గుండ్రాయికి కుర్చీ దేనికి?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"తీసెయ్యమ్మా మృదులా," అన్నారు చివరికి. "మీ అత్తయ్య నిద్రపోయి ఏడాదైంది."

"ఓకే మామయ్యా... డన్. ఇద్దరికీ క్యాన్సిల్ చేసేశాను."

ఫోన్ పెట్టేశాక శాంతకు గుండెల మీది బరువు దిగినట్టయింది. ముసలమ్మకు జరిగినదాన్ని తాను సరిదిద్దలేదు. కానీ ఈసారి అవసరమున్న మనిషి కుర్చీ కోసం గోడకు ఆనుకుని నిలబడే పరిస్థితి తమవల్ల రాదు. ఆ తృప్తితో పటం దగ్గరకు లాక్కుని, రైలు స్టేషన్ నుంచి కేథడ్రల్ దాకా, అక్కడి నుంచి ప్యాలెస్ దాకా నడవవలసిన దారిని గీయసాగింది.

"శాంతా, ఒక మాట."

"మళ్లీ కుర్చీ సంగతేనా?"

"కాదు. బాల్‌హౌస్ కూడలిని అన్నిటికంటే ముందు పెట్టు."

"సాయంత్రం తీరిగ్గా చూద్దామండీ. మధ్యాహ్నానికల్లా ఎక్కేవన్నీ ఎక్కేస్తే, అప్పుడు మీ ఇష్టం వచ్చినంతసేపు."

"ముందే పెట్టు. మిగతావి ఎన్ని చూడగలిగితే అన్ని చూద్దాం."

చిన్నపిల్లవాడి మారాం చూసినట్టు నవ్వి, శాంత ఆ కూడలి పక్కన ఒకటో నంబరు వేసింది.

ఈసారి ఆయన మోకాళ్ల నొప్పులు నిజం.