నాలుగో గది కూటమిలో చేరింది

"మా చారుగిన్నెని పొయ్యి మీంచి దించేసింది మీ ఆరో గదోళ్లే!" పరాయి దేశంలో, వలస కూలీలుండే తువాస్ డార్మిటరీ వంటగదిలో నాలుగో గది సింహాచలం గరిటె ఝళిపించాడు.

ఆరో గది నాగభూషణం నవ్వాడు. "మా కూటమిలో చేరితే ఎవడు దించుతాడ్రా? నిన్న టీవీలో సూడనేదేటి? పిసరంత దేశం, పెద్ద దేశాల కూటమిలో చేరిపోనాది. ఇక దాన్ని ముట్టుకుంటే అందర్నీ ముట్టుకున్నట్టే."

సింహాచలం గదిలో ఉన్నది నలుగురే. రెండు రోజులుగా వంట కుదరక, షిప్‌యార్డుకి పస్తులతోనే పోతున్నారు. నాగభూషణం చాచిన కూటమి కాగితం మీద సింహాచలం సంతకం పెట్టేశాడు.

"ఇప్పుడు పొయ్యి ఇస్తావా?"

"లైన్లో నిల్చో. అన్ని గదులూ చేరిపోనాయి. మీదే ఆఖరు."

"మరి మన శత్రువెవడు, అన్నా?"

నాగభూషణం బుర్ర గోక్కున్నాడు. రెండు పొయ్యిల ముందు ఎనభై మంది మిత్రులు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

సింహాచలం కాగితం తిరగేసి రాశాడు: "మేనేజరు గారూ, ఆఫీసుకి ఇరవై కొత్త కంప్యూటర్లు కొన్నారు. ఎనభై మందికి రెండు పొయ్యిలా? ఆదివారంలోగా ఇంకో ఆరు పెట్టించండి. లేదంటే సోమవారం ఒక్కడూ షిప్‌యార్డు లారీ ఎక్కడు."

ఆ కాగితం నాగభూషణం చేతిలో పెట్టాడు.

"ఒకడ్ని ముట్టుకుంటే అందర్నీ ముట్టుకున్నట్టే అన్నావు కదన్నా. ముందు నువ్వెట్టు సంతకం."