నన్నెవరు వదులుతారే?

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అంది పెద్ద సిస్టర్.

బుల్లి సిస్టర్ ఇవ్వలేదు. పిల్లల ఐసీయూ పక్కన సామాన్ల గది అది. సెలైన్ పెట్టెల మధ్య ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. ఆరేళ్లుగా బుల్లి సిస్టర్ తిండీ ఏడుపూ అక్కడే. ఇంకో గంటలో ఆఫీసు మూసేస్తారు. ఈలోగా రాజీనామా ఇవ్వకపోతే మళ్లీ ఏడాది దాకా తీసుకోరు.

"ఇంట్లో ఏమైందే?"

"పాప పడుకుంటే పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడుతున్నానక్కా, రోజూ. నిన్న అదేమందో తెలుసా? 'అమ్మా, నీకు బాగా తెలిసేలా గట్టిగా పీల్చనా?' అంది. ఐదేళ్ల పిల్ల! నాకోసం నిద్ర నటిస్తోంది."

పెద్ద సిస్టర్ కళ్లు చెమర్చాయి. ఉత్తుత్తి కన్నీళ్లు కావు, పాపం. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్న మనిషి.

"నాకు తెలీదా! మా ఇంట్లో ఫోన్ మోగితే 'ఏ బెడ్డూ?' అని లేచేదాన్ని. కానీ మూడో బెడ్ బుడ్డోడికి నరం దొరకబుచ్చుకోవాలంటే నీ చెయ్యే పడాలి. నువ్వెళ్తే వాణ్ని ఎన్నిసార్లు పొడుస్తారో?"

"అలా అనకక్కా."

"సరే, అనను. వెళ్లిపోతున్నానని వాళ్లమ్మకి నువ్వే చెప్పిరా."

గాజు తలుపు అవతల ఆ తల్లి కూర్చుని ఉంది. బుల్లి సిస్టర్‌ని చూడగానే ముఖం చేటంత చేసుకుని చెయ్యి ఊపింది. ఇంకెక్కడికి వెళ్తుంది! కాళ్లకి సంకెళ్లు పడ్డట్టే అయింది.

"నువ్వూ ఇక్కడే ఉంటావుగా అక్కా?"

"నన్నెవరు వదులుతారే?"

బుల్లి సిస్టర్ చేతిలో కాగితం నాలుగు ముక్కలైంది. పెద్ద సిస్టర్ ఆమెను గట్టిగా కావలించుకుని, "నా తల్లే!" అంటూ గబగబా బయటికి నడిచింది. బుల్లి సిస్టర్ ముఖం కడుక్కుని మూడో బెడ్ దగ్గరికి వెళ్లింది. ఇంటికెళ్లి పాపకేం చెప్పాలో మాత్రం తోచలేదు.

ఆఫీసు మూసే వేళకి గుమస్తా వార్డు తలుపు దగ్గరికొచ్చాడు.

"రాజీనామా నిజంగానే మానుకున్నారా సిస్టర్? ఈ వార్డు నుంచి ఈ ఏడాది ఒక్కరినే వదలమన్నారు. ముందడిగారని ఆ చోటు ఇంతసేపూ మీకే అట్టేపెట్టాను."

"మానుకున్నానండీ. పెద్ద సిస్టర్ తోడుంటే ఇంకో ఏడాది ఎలాగో లాగేస్తాను."



"ఆవిడ రాజీనామా ఇందాకే తీసుకున్నామమ్మా."