అరాచకాసురుడి గొంతు

పాచిక మీద ఆరు పడింది. వేసవంతా మా లోకాన్ని తగలబెట్టిన అల్లకల్లోల సేనకు ఇక నాయకుడు లేనట్టే.

ఆట మద్రాసు నుంచి వచ్చింది. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో వీరులవుతారు, ఎవడు బతకాలో పాచిక తేలుస్తుంది. డిగ్రీ పాఠాల మీద లేని శ్రద్ధతో తిరుపతిలోని మా గదిలో కథ చెప్పేవాణ్ణి నేనే. దుష్టులందరి తరఫునా మాట్లాడే గురుతర బాధ్యత కూడా నాదే. సేనానాయకుడైన అరాచకాసురుడికి దగ్గుతో కూడిన బొంగురు గొంతు పెట్టాను.

"ఇంకేమప్పా, నరికెయ్!" అన్నాను.

ఆరు వేసిన రంగరాజు పాచికను అరచేత్తో మూసేశాడు. "వద్దబ్బా. నేను ఆయన పక్కకే చేరిపోతా."

"వీరుడివి, సిగ్గులేదా? ఆ రాక్షసుడు నీకేమైతాడు?"

"పోయిన మా నాయన గొంతు అది. ఆయన్ని సంపేస్తే మళ్ళా యాడ వినేది?"

వాళ్ళ నాయన బతికుండగా నేనెన్నడూ చూడలేదు. ఏదో జోకు వేసి తప్పించుకుందామని నోరు తెరిచాను. ముందు దగ్గు వచ్చింది. తరువాత నేను అనుకోని మాటలు వచ్చాయి.

"ఇంటికొస్తే తాళమేసుండాదే రంగా. అందరూ యాడికి పోయినార్రా?"

రంగరాజు నా కాళ్ళు పట్టుకున్నాడు. "నువ్వు పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు నాయనా. ఆర్నెల్లు ఇల్లు వదిలేయాలన్నారు. అలిపిరి కాడ బాడుగింట్లో ఉండాము."

"దోవ చెప్పరా," అన్నాను నేను.