కొన్నవారు: ఐదుగురు

"మీ పాట పోయింది పిన్నిగారూ," అన్నాను, ఆవిడ కంప్యూటరు ఫార్మాట్ చేసి చేతులు దులుపుకుంటూ.

పోవడమంటే, ముందే దాచి మళ్ళీ ఎక్కించాను, పాట ఉంది, మోగదు. కంపెనీవాడు పాటకు వేసిన తాళానికి ఇది వేరే కంప్యూటరులా కనబడుతోంది. మళ్ళీ కొనుక్కోమని తెరమీద హుకుం! డబ్బిచ్చినవాళ్ళ నోరు నొక్కే ఈ తాళాన్ని దొంగ ఒక్కనాడైనా లెక్కచేసిన పాపాన పోలేదు. నా షాపులో పెన్‌డ్రైవ్ కొన్న ప్రతివాడికీ ఈ పాత పాట నేనే ఉచితంగా ఎక్కించి ఇస్తున్నాను.

పిన్నిగారు బుద్ధిగా మళ్ళీ డబ్బు కట్టారు. "ఇప్పటివరకు కొన్నవారు: ఐదుగురు" అని తెరమీద పడింది.

నాకు నవ్వాగలేదు. "మీలాంటి తెలివిగలవాళ్ళు ఇంకో నలుగురున్నారన్నమాట!"

"ఆ నలుగురూ నేనే బాబూ. నువ్వు ఫార్మాట్ చేసినప్పుడల్లా ఒకరు."

ఇలాంటివాళ్ళుండబట్టే ఆ కంపెనీవాడి ఆటలు సాగుతున్నాయి. జేబులోంచి నా పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాను. పాట ఖంగుమని మోగింది.

"చూశారా? దమ్మిడీ ఖర్చు లేదు. ఉంచుకోండి."

పిన్నిగారు కళ్ళు మూసుకుని, చరణం రాకముందే సన్నగా అందుకున్నారు. పెట్టెలో గొంతూ, కుర్చీలో గొంతూ ఒకటే. పెట్టెలోది కాస్త పడుచుది, అంతే.

పాట అయ్యాక పెన్‌డ్రైవ్ ఊడదీసి నా చేతిలో పెట్టారు.

"పాడినదాన్ని, నేనే దొంగిలిస్తే ఎలా బాబూ?"