ఎడమచేతి వాటం

"నేను జరగ. కావాలంటే ఆ పిల్లను జరుగమను."

దయాకర్ వయొలిన్ పెట్టె మూత ధడేలున వేశాడు. కచేరీకి ఇంకా అరగంటే ఉంది. మహబూబ్‌నగర్ టౌన్‌హాలులో ముందు వరుసలు అప్పుడే నిండుతున్నాయి.

మృదంగం మాస్టారు వీరేశం శిష్యురాలు గ్లోరీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఇవాళ ఆమెకు తొలి కచేరీ.

"ఎట్ల జరుగుతది దయాకర్? ఎడమచేతి వాటం పిల్లాయె. మృదంగంల స్వరం పలికే మూత జనం దిక్కు ఉండాలె. ఉండాలంటే ఆమె నీ జాగల కూసోవాలె, నువ్వు ఆమె జాగల కూసోవాలె. గంతే కద!"

"గంతేనా? అటు కూసుంటే నా ఫిడేలు మొఖం గోడ దిక్కయితది. ముప్పయ్యేండ్ల సంది పాడేటోళ్లకు ఎడమదిక్కే కూసున్న. గీ పద్దెనిమిదేండ్ల పిల్ల కోసం నా జాగ ఇడిచిపెట్టాల్నా?"

"పదిహేడే సార్," అంది గ్లోరీ.

పక్కనే ఉన్న ఆమె తల్లి సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సభ కార్యదర్శి చేతులు నలుపుకున్నాడు.

"మాస్టారూ, ఇయ్యాల్టికి మీరే వాయించుండ్రి. పిల్ల సంగతి మళ్లెప్పుడన్న చూద్దాం."

"మళ్లెప్పుడు? మూడు సభలల్ల గిదే ముచ్చట. వయొలిన్ సార్ జరగడు, పిల్ల ఇంటికి పోతది. నేను వాయించనంటే వాయించ. నా చెయ్యి ఇరిగిందనుకోండ్రి."

దయాకర్ నవ్వాడు. "తప్పంత నీదే వీరేశం. మొదటినాడే చేతులు మార్పిస్తే ఈ లొల్లి ఉండేదా? చెయ్యి సుత దిద్దరాని గురువు..."

"మా సార్‌ను ఏమన్న అన్నవంటే మంచిగుండదు!"

గ్లోరీ గొంతు హాలు దాకా వినబడింది. ముందు వరుసలో తలలు ఇటు తిరిగాయి. వీరేశం ఆమె భుజం తట్టాడు.

ఈ పిల్ల ఆయనకు ఫోనులో దొరికిన శిష్యురాలు. కరోనా వచ్చిన ఏడాది గురుకుల పాఠశాల మూతపడి కోస్గిలోని ఇంటికి చేరింది. ఆయన తన పాత మృదంగాన్ని పాల వ్యానులో పంపి ఫోనులోనే పాఠం మొదలుపెట్టాడు. ఆమె ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ఎదురుగా కూర్చునేది. "నన్నే చూడు బిడ్డా. అద్దంల చూసినట్టు, నేనెట్ల కొడితే గట్లనే కొట్టు," అనేవాడు. కోస్గి వైపు నుంచి వీడియోలో బొమ్మ ఎప్పుడూ ఆగిపోయేది. కళ్లు మూసుకొని దరువు మాత్రం వినేవాడు. ఒక్క దెబ్బ తప్పు పడేది కాదు.

ఎనిమిది నెలల తర్వాత తల్లితో కలిసి ఆయనింటికి వచ్చింది. మృదంగాన్ని అటూ ఇటూ తిప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఎడమచేతి వాటమా బిడ్డా! చెప్పనే లేదు?"

పిల్ల ఆయన మొహం చూసింది, తల్లి మొహం చూసింది. సాలమ్మ నేల చూసింది. "ఔ సార్," అంది పిల్ల మెల్లగా. ఎడమచెయ్యి ఆడించినందుకు ఇంట్లో తిట్లు తిని ఉంటుందని వీరేశం మనసు చివుక్కుమంది. ఆ చేతిని ఎవరు మార్చమన్నా మార్చేది లేదని ఆ రోజే అనుకున్నాడు.

"దేవుడిచ్చిన చెయ్యి దయాకర్. పంచాయితీ ఉంటే ఆయనతోని పెట్టుకో!" అన్నాడు ఇప్పుడు వీరేశం.

"మరి అన్నం ఏ చేత్తోని తింటది?"

"అన్నం ఎవలైనా కుడిచేత్తోనే తింటరు. తల్లులు కొట్టి మరీ నేర్పుతరు."

"అయిందా మీ కొట్లాట?" పాడవలసిన ఆండాళు శ్రుతిపెట్టె చంకలో పెట్టుకొని వచ్చింది. "పిల్లా, పల్లవి లెక్క జర తిరకాసుది. కాయితం మీద రాసుకుంటవా?"

"నా పాఠంల కాయితం, పెన్ను బంద్ అమ్మా," అన్నాడు వీరేశం. "ఐదేండ్లాయె, గీ పిల్ల చేతిల పెన్ను నేను చూడనే లేదు. నోటితో చెప్పుండ్రి."

ఆండాళు చెప్పింది. గ్లోరీ ఒక్క అక్షరం జారకుండా తిరిగి అప్పజెప్పింది.

"ఇగ నడువు," అంది ఆండాళు. "వయొలిన్ వస్తే వస్తది, లేకుంటే లేదు."

"ఎక్కు బిడ్డా," అన్నాడు వీరేశం.

గ్లోరీ వేదిక ఎక్కింది. నేరుగా దయాకర్ జాగాకు పోయి, ఆయన నీళ్ల సీసాను మర్యాదగా పక్కకు జరిపి, అక్కడ బాసిపట్టు వేసుకొని కూర్చుంది. హాలులో గుసగుసలు లేచాయి. పాడేవారికి కుడివైపు ఖాళీగా ఉండిపోయింది.

రెండు కీర్తనలు వయొలిన్ లేకుండానే నడిచాయి. మూడోది పల్లవి. గ్లోరీ ఎడమచెయ్యి ఆ తిరకాసు లెక్కను ముక్కలు చేసి, మళ్లీ అతికించి, ఆండాళు ఎత్తుకునే చోట సూదిమొనంత తేడా లేకుండా దింపింది. హాలంతా ఒక్కసారి చప్పట్లు మోగాయి.

అవి ఆగకముందే దయాకర్ చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. ఖాళీ జాగాలో కూర్చుని, ఫిడేలు మొఖం గోడకు తిప్పి, కమాను ఎత్తాడు.

"పోనియ్ బిడ్డా," అన్నాడు.

కచేరీ ముగిశాక ఆయనే వచ్చి వీరేశం చెయ్యి పట్టుకున్నాడు. "నీ దేవుడు గట్టోడే వీరేశం. మంచి చెయ్యే ఇచ్చిండు."

"మరేమనుకున్నవ్!" వీరేశం ఛాతీ పొంగింది.

కార్యదర్శి కళాకారుల రిజిస్టరు తెచ్చాడు. ఆండాళు సంతకం చేసింది, దయాకర్ చేశాడు. పెన్ను గ్లోరీ ముందుకు వచ్చింది. ఆమె సార్ వైపు చూసి ఆగిపోయింది.

"పెట్టు బిడ్డా," నవ్వాడు వీరేశం. "ఇయ్యాల నా ముందల పెన్ను పట్టినా ఏమన."

గ్లోరీ కుడిచేత్తో సంతకం పెట్టింది.